సీలన్ - సీలెంట్

అమెరికా పోయొచ్చి నెల దాటింది. కలిసిన ప్రతివాళ్ళూ "ఏం చూసినవ్ భాయ్?" అంటున్నారు. గ్రాండ్ కాన్యన్ చూశాను. దాని అంచున నిలబడ్డది గంటన్నర. డాలస్ దగ్గర ఓ పెద్ద దుకాణంలో సీలెంట్ ట్యూబుల అర ముందు మా తమ్ముడూ నేనూ మూడు విడతలుగా నిలబడ్డది హిసాబ్ చేస్తే అంతకు మూడింతలు. కాన్యన్ గురించి రాసేవాళ్ళు చాలామందే వున్నారు. నేను ఆ అర గురించి రాస్తాను.

ఉర్దూలో సీలన్ అని ఒక మాట వుంది. గోడల్లో, చెక్కలో, పాత కితాబుల్లో చేరే చెమ్మ. మనవైపు నెమ్ము అంటారు. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో వానాకాలం నాలుగు నెలలూ గోడలకి సీలనే, బ్లాక్‌బోర్డు మీద సుద్ద కూడా పట్టేది కాదు. ఇంగ్లిష్ సీలెంట్‌కీ ఈ సీలన్‌కీ రిష్తా ఏమీ లేదు, రెండూ వేర్వేరు ఖాన్‌దాన్‌ల మాటలు. కానీ అమ్మీకి ఆ పేరు వినగానే నచ్చేసింది. "సీలన్ కీ దవా సీలెంట్. బరాబర్ నామ్ రఖ్ఖే" అంది.

తమ్ముడు కొన్నది ట్రావెల్ ట్రెయిలర్. దానికి ఇంజన్ వుండదు, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. 26 అడుగుల పొడవు, పదకొండేళ్ళ వయసు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్. ఇలాంటి చక్రాల ఇళ్ళన్నింటినీ కలిపి అక్కడ ఆర్వీలంటారు. కొనడానికి వజా అమ్మీయే. ఆమెకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించవు, పైగా దమ్ము. ఆర్నెల్ల వీసా మీద వచ్చింది, మళ్ళీ అంత దూరం వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. వచ్చినందుకు నాలుగు ఊళ్ళు చూపిద్దామంటే మోటెల్‌లో పడుకోనంది. ఎవరెవరు పడుకున్న పరుపో. బాత్రూమ్‌లో లోటా వుండదు. బయటి గోష్ ముట్టదు. అందుకని ఇంటినే వెంట తీసుకెళ్దామని వాడి ఆలోచన. మా మరదలికి ఈ సౌదా నచ్చలేదు. ఆమెని ఇంట్లో అందరం ఇప్పటికీ దుల్హన్ అనే పిలుస్తాం, పెళ్ళయి పధ్నాలుగేళ్ళయినా. వాడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు, పైసలు చేతిలో వుంచుకోవాల్సిన టైములో ఈ డబ్బా ఎందుకని ఆమె ఫికర్. ఆమె అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. అప్పటికే బండి వాకిట్లో వుంది.

అమ్మీ తమ్ముడి భుజం పట్టుకుని మెట్లెక్కి, లోపల మూడో అడుగులో ఆగిపోయింది. ముక్కు ఎగపీల్చి "సీలన్ కీ బూ ఆరీ బేటా" అంది. మాకు ఇద్దరికీ ఏ వాసనా రాలేదు. దమ్మున్నవాళ్ళ ముక్కు వేరు. ఆమె పడుకోవాల్సిన మంచం పైన, ముందు గోడకీ పైకప్పుకీ కలిసే మూల, గోడ కాగితం అరచేయంత మేర ఉబ్బి వుంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. నానిన బిస్కెట్టులా.

సెకండ్ హ్యాండ్ ఆర్వీలతో వుండే అసలు తకలీఫ్ ఇదే. ఇంజన్ పోయినా, టైరు పోయినా మార్చుకోవచ్చు. నీళ్ళు పట్టిన గోడ అలా కాదు. చాలా ట్రెయిలర్ల గోడ అంటే బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక అంతే పల్చటి ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, అన్నీ జిగురుతో అతికించినవి. సూది మోపినంత సూరాఖ్ లోంచి నీళ్ళు దూరితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది, బయటి రేకు అలలు అలలుగా లేస్తుంది. డీలామినేషన్ అంటారు. అది మొదలయ్యాక మరమ్మత్తు ఖర్చు బండి ఖరీదుతో పోటీ పడుతుంది. అలా మెల్లగా కారిన నీళ్ళ వల్ల జరిగే నష్టాన్ని ఇన్సూరెన్సు వాళ్ళు మామూలుగా లెక్కలోకి తీసుకోరు, అది మీరు చూసుకోవాల్సిన పని అంటారు. ఇక బూజు. తడిసినది ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. దమ్మున్న ముసలామెని బూజు కింద పడుకోబెట్టి రెండు వేల మైళ్ళు తిప్పడం కుదరదు. కాబట్టి ఏ సీలెంట్ అనేది మాకు సరదా సవాల్ కాదు.

మా అబ్బా సూర్యాపేట హైవే మీద లారీ బాడీ షెడ్లలో పనిచేసేవాడు. అప్పట్లో లారీ అంటే కంపెనీ నుంచి వట్టి ఛాసిస్ వచ్చేది. ఇంజన్, చక్రాలు, స్టీరింగు. డ్రైవరు పైన ఏమీ లేకుండా ఎండలో కూర్చుని, మొహానికి రుమాలు కట్టుకుని తోలుకొచ్చేవాడు. కేబినూ తొట్టీ ఇక్కడి షెడ్‌లో కట్టేవాళ్ళు. చెక్క చట్రం, మీద రేకు, అతుకుల్లో డాంబరు. మొదటి వానకి కేబిన్ కారకపోతే అబ్బాకి ఆ ఏడాది ఇజ్జత్ నిలిచినట్టు. కారితే ఆ డ్రైవరు హార్న్ కొట్టుకుంటూ షెడ్ ముందుకొచ్చి ఆగేవాడు. అబ్బా నీళ్ళు పడిన చోటు చూసేవాడే కాదు. ఆ చోటునుంచి వెనక్కి, పైకి, చెక్క వెంట వేలు పెట్టి వెతుక్కుంటూ పోయేవాడు. నీళ్ళు ఒకచోట దూరి, వాసం వెంట నడిచి, తమకి ఇష్టమైన చోట కిందికి దిగుతాయి. ఇంకో మాట కూడా అనేవాడు. "జోడ్ కో సాంస్ లేనే దో రే." అతుకుకి ఊపిరాడనివ్వండి అని. కుర్రాళ్ళు డాంబరు బదులు ఏదైనా రాయిలా గట్టిపడేది కూరుతుంటే అనేవాడు. బండి కదులుతుంది, అతుకు కదులుతుంది, రాయి కదలదు. అంతే.

అమ్మీ ఆయన దగ్గర ముప్పై ఏళ్ళుండీ ఈ విద్య నేర్వలేదు. తన సూట్‌కేసు అడుగునుంచి రెండు ఎమ్‌సీల్ ప్యాకెట్లు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అమెరికాలో ప్లంబరుని పిలిస్తే కొంప మునుగుతుందని ఎవరో చెప్పారట, ఊరగాయతో పాటు అవి కూడా తెచ్చింది. కారే పైపుకి ఎమ్‌సీల్‌ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ అది అబ్బా చెప్పిన రాయి.

కదలడం అంటే ఎంత కదలడం? లెక్క వేసి చూశాం. ట్రెయిలర్ పైకప్పు అంచుల వెంట అల్యూమినియం పట్టీ వుంటుంది. 26 అడుగులంటే దాదాపు 8 మీటర్లు. టెక్సాస్‌లో జులై నెల, తెల్లారుజామున 25 డిగ్రీలున్న ఆ పట్టీ మిట్టమధ్యాహ్నం ఎండకి 65 డిగ్రీలకి పోతుంది. ఆ తేడాకి దాన్ని వదిలేస్తే 7 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని కింద వున్న చెక్క అదే వేడికి ఒకటిన్నర మిల్లీమీటరు కూడా సాగదు. రెండింటినీ జానెడు దూరానికొక స్క్రూతో బిగించారు. సాయంత్రానికి మళ్ళీ వెనక్కి. రోజూ ఇదే గుంజులాట. దీనికి తోడు రోడ్డు మీద గంటకి వంద కిలోమీటర్లకి పైగా పోతుంటే ఆ డబ్బా మొత్తం వణుకుతుంది, వాన నీళ్ళు ముందు గోడకి పైపు పెట్టి కొట్టినట్టు తగులుతాయి. ఇంటి కిటికీకి వేసే సీలెంట్ ఈ బతుకు బతకలేదు. ఇల్లు ఎక్కడికీ పోదు కదా.

దుకాణానికి మొదటిసారి పోయినప్పుడు అక్కడ పనిచేసే పెద్దాయన, నెరిసిన గడ్డం మనిషి, ఒకటే అడిగాడు. మీ పైకప్పు దేంతో చేసింది? తమ్ముడు నా వైపు చూశాడు. తెల్లగా వుంటుంది అన్నాడు. అన్నీ తెల్లగానే వుంటాయి, పోయి చూసి రండి అన్నాడాయన. నాకాయన మీద మొహబ్బత్ కలిగింది. మన దగ్గర అయితే అడక్కుండా ఏదో ఒకటి అమ్మేసేవాళ్ళు.

ఆర్వీ పైకప్పులు ముఖ్యంగా నాలుగు రకాలు. ఈపీడీఎమ్ అనే రబ్బరు పొర, టీపీఓ అనే ప్లాస్టిక్ పొర, ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం. లోపల గాలి కిటికీ చట్రం ఊడదీస్తే పైకప్పుని కోసిన అంచు కనిపిస్తుంది. మాది పైన తెలుపు, కింద నలుపు. చేత్తో రుద్దితే సుద్దపొడిలా తెల్లగా అంటింది. అయితే ఈపీడీఎమ్. ఈ రబ్బరు ఎండకి బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలు జాతి ద్రావకాలు పడవు, తగిలితే ఉబ్బుతుంది. కాబట్టి సీలెంట్ మాట తర్వాత, శుభ్రం చేయడానికి ఏం వాడాలన్న దగ్గర్నుంచే జాగ్రత్త. పైకప్పు జాతి తెలియకుండా ట్యూబు కొనడం అంటే నబ్జ్ పట్టకుండా దవా ఇవ్వడం.

యునానీ హకీములు ప్రతి మనిషికీ ఒక మిజాజ్ వుంటుందంటారు. ఆ అరలో ట్యూబులకీ అంతే. నేను డెస్కులో ఇరవై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, పొడుగు కాగితాల్లోంచి సారం తీయడమే నా రిజ్క్. ట్యూబుల వెనక చీమ తలకాయంత అక్షరాలు, తయారీదార్ల డేటా షీట్లు కూర్చుని చదివాను.

ల్యాప్ సీలెంట్. ఆర్వీల పైకప్పు కోసమే చేసింది. అక్కడ ఎక్కువగా వినిపించే పేరు డైకార్. ఇందులో సెల్ఫ్ లెవెలింగ్ అనే రకం వుంటుంది. వేయగానే దోసె పిండిలా తనంతట తానే పరుచుకుని, స్క్రూ తలల మీదా చట్రం అంచు మీదా సాఫుగా కూర్చుంటుంది. చదునుగా వున్న చోటికి ఇదే. దీన్ని పక్క గోడకి వేస్తే జారి కిందికొచ్చేస్తుంది, దానికి నాన్ శాగ్ అనే జారని రకం వేరే. పేరు ఒకటే, పెట్టె రంగు ఒకటే, మధ్యలో ఒక్క మాట తేడా.

పాలియురితేన్. పహిల్వాన్. కారు అద్దాలు అతికించేది ఈ జాతితోనే. సాగుతుంది, పట్టు వదలదు, మీద రంగు వేసుకోవచ్చు. ఎండలో ఏళ్ళు గడిస్తే పసుపెక్కి పొడి రాలుతుంది. కొన్ని ప్లాస్టిక్‌లతో పడదు. రేపు ఆ కిటికీ ఊడదీయాల్సొస్తే కిటికీతో పాటు గోడ కూడా కొంత వస్తుంది.

హైబ్రిడ్, లేదా ఎమ్‌ఎస్ పాలిమర్. పాలియురితేన్‌లా పట్టు, ఎండకి దానికన్నా ఓర్పు. కొంచెం తడిగా వున్న చోట కూడా పట్టే రకాలున్నాయి. ఖరీదు ఎక్కువ. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం గోడల మీద నాకు నచ్చింది ఇది. రబ్బరు పైకప్పు మీదికి మాత్రం ట్యూబు మీద ఈపీడీఎమ్ అని రాసి వుంటే తప్ప పోకూడదు.

బ్యూటైల్ టేపు. ఇది ట్యూబు కాదు, చుట్ట. నమిలిన చూయింగ్ గమ్ లాంటి బూడిదరంగు పట్టీ. చట్రానికీ గోడకీ మధ్య పెట్టి స్క్రూలు బిగిస్తే పక్కలనుంచి బయటికి పొంగుతుంది, మిగిలింది కోసేయాలి. పూర్తిగా ఎప్పటికీ గట్టిపడదు. స్క్రూ చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది. అబ్బా డాంబరుకి ఖాన్‌దానీ వారసుడు ఎవరంటే ఇదే. నిజానికి నీళ్ళని ఆపేది ఇది, పైన కనిపించే సీలెంట్ దీనికి బుర్ఖా మాత్రమే.

ఇక సిలికాన్. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మా బండికి అమ్మినాయన వేసింది ఇదే. మూల పట్టీల వెంట, కిటికీల చుట్టూ, పైన గాలి కిటికీల చుట్టూ, మెరిసే తెల్లటి సిలికాన్. కొన్న రోజున చూసి ఎంత నీట్‌గా వుంచాడో అనుకున్నాడు తమ్ముడు. ఆ తెలుపు కిందే అసలు కహానీ దాగుంది. సిలికాన్ చెడ్డదని నేననను. ఎండకి దానంత ఓర్పు వీటిలో చాలావాటికి లేదు, గాజుకి దాన్ని మించింది లేదు. దానితో గొడవ వేరు. ఈ రబ్బరు పైకప్పుని అది సరిగా పట్టుకోదు. పైన చూస్తే చెక్కుచెదరకుండా వుంటుంది, అంచు కింద వెంట్రుకంత లేచి వుంటుంది, నీళ్ళు లోపలికి పోతాయి. బయటికి రాలేవు. దీనికన్నా పెద్ద గొడవ, అది పోయాక కూడా తన అసర్ వదిలిపోతుంది. కోసి పారేసినా కంటికి కనపడని జిడ్డు పొర మిగులుతుంది. దానిమీద వేరే సీలెంట్ పట్టదు, రంగు పట్టదు, చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. వెనిగర్ వాసనొచ్చే రకమైతే ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, లోహాలకి అది మంచిది కాదు. తన తర్వాత ఇంకెవర్నీ రానివ్వని సామాను అది. రెండు మూడేళ్ళకోసారి విప్పి మళ్ళీ కట్టుకోవాల్సిన బండికి అలాంటిది ఎందుకు వేస్తాం?

నేను తమ్ముడికి చెప్పింది ఇదే. ఎంత మజ్బూత్‌గా పడుతుందని అడక్కు, రేపు నువ్వు విప్పాల్సొస్తే ఎంత సులువుగా వస్తుందో కూడా అడుగు. వాడు "అబ్బా కే జైసీ బాతాఁ కర్రైఁ భయ్యా" అని నవ్వాడు.

ఏ అతుకు కారుతోందో తేల్చుకోకుండా ట్యూబు విప్పొద్దు. దీనికక్కడ ఒక మంచి తరీకా వుంది. ఒక బ్లోవర్‌తో బండి లోపలికి గాలి పంపిస్తారు, కిటికీలూ తలుపులూ మూసేసి. లోపల ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. బయట అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లుకుంటూ పోతారు. ఎక్కడ బుడగలొస్తే అక్కడ సూరాఖ్. మా సూర్యాపేటలో సైకిల్ పంక్చర్ చేసే చాచా ట్యూబుని తొట్టి నీళ్ళలో ముంచి చూసేది కూడా ఇదే కదా. అద్దెకి మనిషిని పిలిపిస్తే గంటన్నరలో చూపించాడు. అమ్మీ మంచం పైన మూల ఉబ్బింది, కానీ బుడగలొచ్చింది అక్కడ కాదు. దానికి ఆరడుగులు వెనక, పైకప్పు మీద గాలి కిటికీ చట్రం దగ్గర. ఇంకొకటి, ముందు భాగంలో వుండే చిన్న నారింజ రంగు లైటు వెనక. అబ్బా వేలు పెట్టి వెతికేది ఇలాంటివాటి కోసమే. ఆ మనిషి బుడగల్ని చూపిస్తుంటే తమ్ముడు నా మొహం చూశాడు, ఏమీ అనలేదు.

తర్వాత రెండోసారి దుకాణం. సెల్ఫ్ లెవెలింగ్ ల్యాప్ సీలెంట్ నాలుగు ట్యూబులు, నాన్ శాగ్ రెండు, బ్యూటైల్ టేపు రెండు చుట్టలు, రబ్బింగ్ ఆల్కహాల్, ప్లాస్టిక్ గరిటెలు. ట్యూబు పది డాలర్ల పైనే. దుల్హన్ బిల్లు చూసి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో తగిలించింది. ఏమీ అనకుండా తగిలించడమే అనడం.

ఎండెక్కితే పైకప్పు మీద కాలు పెట్టలేం. ఫజర్ చదివి నిచ్చెన ఎక్కేవాళ్ళం, తొమ్మిదిన్నరకి దిగేసేవాళ్ళం. మనిషి బరువు ఒకేచోట పడకుండా ప్లైవుడ్ పలక వేసుకుని దానిమీద మోకాళ్ళు. సీలెంట్ వేయడం పావుగంట పని. సిలికాన్ తీయడం మూడు రోజులు. ప్లాస్టిక్ గరిటెతోనే, ఇనుప బ్లేడు జారితే రబ్బరు చిరుగుతుంది. చట్రం స్క్రూలు విప్పి, పైకి లేపి, కింద గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ గీకి. సిలికాన్ అంటని పాత ల్యాప్ సీలెంట్ గట్టిగా పట్టుకుని వున్న చోట దాన్ని కదపలేదు. అదే జాతి కొత్తది దానిమీద పడుతుంది. తీయాల్సింది ఊడినదాన్నే.

మూల పట్టీలో ఒక ప్లాస్టిక్ రిబ్బన్ వుంటుంది, లాగితే కింద స్క్రూలు కనిపిస్తాయి. ఎనిమిది స్క్రూలు తుప్పు పట్టి చేతికే వచ్చేశాయి. కింద చెక్క నల్లగా, తడి పొగాకులా. దాంతో మూడోసారి దుకాణానికి. లోపలినుంచి ఆ మూల గోడ కాగితం కోసి, కుళ్ళిన చెక్క తీసేసి, ఫ్యాన్ పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాం. మూతికి మాస్కులు. ఆ నాలుగు రోజులూ అమ్మీని ఆ వైపు రానివ్వలేదు. కొత్త చెక్క పెట్టి, పట్టీ కింద బ్యూటైల్, పైన నాన్ శాగ్. గాలి కిటికీ చట్రం కింద బ్యూటైల్, పైన స్క్రూలు మునిగేట్టు సెల్ఫ్ లెవెలింగ్. పైన పొర కట్టేది కొన్ని గంటల్లో, లోపలిదాకా గట్టిపడేది నెలకి. తమ్ముడు రెండుసార్లు వేలితో ముట్టి చూశాడు, అది వాడికి చిన్నప్పటినుంచీ వున్న జబ్బు, రంగు వేసిన ప్రతిదాన్నీ ముట్టేవాడు.

వేయకూడని చోట్లు కూడా చెప్పాలి. చేతిలో ట్యూబు వుంటే మనిషికి ఒక నషా వస్తుంది, కనపడ్డ సందునల్లా పూడ్చేద్దామనిపిస్తుంది. కిటికీ చట్రం అడుగున చిన్న చీలికలుంటాయి, లోపల చేరిన నీళ్ళు బయటికి పోవడానికి. అమ్మినాయన వాటిని కూడా సిలికాన్‌తో మూసేశాడు. అంటే కిటికీ గాడి నిండి, ఆ నీళ్ళు ఇంట్లోకి. పిన్నీసుతో ఒక్కోటీ తెరిచాం. అలాగే పైన ఏసీ. దాని కింద మెత్తటి గాస్కెట్ వుంటుంది, బోల్టులు బిగిస్తే నొక్కుకుని ఆపుతుంది. అక్కడ సీలెంట్ పనిలేదు. బోల్టులు వదులయ్యాయేమో చూసుకోవాలి, గాస్కెట్ పాడైతే మార్చాలి.

ఈ బండ్లు ఎక్కువగా తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో ఆమిష్ జనం చాలామంది వుంటారట. మీసం తీసేసి గడ్డం పెంచుతారు, ఆడవాళ్ళు తలమీద గుడ్డ తీయరు, సొంతానికి మోటారు బండి వుంచుకోరు, గుర్రబ్బండిలో తిరుగుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం షికార్లకి పోయే బండ్ల అతుకులు బిగించి గుర్రబ్బండిలో ఇంటికి పోయే మనిషిని తలచుకుంటే నాకు ఎందుకో అబ్బా గుర్తొచ్చాడు. వందల లారీలకి కేబిన్ కట్టిన ఆయన చివరిదాకా సైకిల్ మీదే తిరిగాడు. అమ్మీకి ఆ సంగతి చెబితే "బిచారే" అంది, ఎవర్ని ఉద్దేశించో.

బయల్దేరిన రెండో రోజు న్యూ మెక్సికోలో వాన పట్టుకుంది. జులై, ఆగస్టుల్లో ఆ ఎడారిలో మధ్యాహ్నాలు వానలు పడతాయి, మన తొలకరిలాగే ఉరుముతూ. రోడ్డు పక్కన ఆపేసి ముందు మూలలో తలకాయలు పెట్టి కూర్చున్నాం ఇద్దరం, నేను టార్చిలైటుతో, వాడు కాగితపు రుమాలుతో అతుకు వెంట అద్దుకుంటూ. అరగంట కురిసింది. రుమాలు పొడిగానే వుంది. అమ్మీ మా వెనక మంచం మీద తస్బీ తిప్పుకుంటూ "హటో రే, సోనే దో" అంది. ఆ రాత్రి ఇన్‌హేలర్ వాడలేదు. అది సీలెంట్ వల్లో, ఎడారి గాలి వల్లో హకీములే చెప్పాలి.

ఇది ఒకసారి వేసి మర్చిపోయే పని కాదు. చాలా ఆర్వీల మాన్యువళ్ళు 90 రోజులకోసారి పైకెక్కి అతుకులన్నీ చూసుకోమంటాయి, వారంటీ కావాలంటే ఆ తారీఖులు రాసి వుంచుకోమంటాయి. బీరువా తలుపు లోపలివైపు మాస్కింగ్ టేపు ముక్క అతికించి ఏ చోట ఏది వేశామో రాశాను. పైన: సెల్ఫ్ లెవెలింగ్. మూలలు, లైట్లు: నాన్ శాగ్. చట్రాల కింద: బ్యూటైల్. సిలికాన్ నక్కో. తారీఖు. ఉర్దూలో రాశాను. తమ్ముడి పిల్లలు ఉర్దూ మాట్లాడతారు గానీ చదవలేరు, అమ్మీ పక్కన కూర్చుని ఆ టేపు మీది అక్షరాలు చూపించి వాళ్ళతో చదివించింది. నక్కో అనే మాట రాతలో చూడటం వాళ్ళకి అదే మొదటిసారి, చాలాసేపు నవ్వారు.

పోయిన ఆదివారం తమ్ముడు ఫోటో పంపాడు. వెనక ఎర్ర లైటు పక్కన వెంట్రుకంత దరార్. మేం ముట్టని చోటు అది, ఫ్యాక్టరీ నాటి సీలెంట్. మొత్తం తీయాలా, దానిమీదే వేయాలా అని అడిగాడు. గోరుతో అంచు గీకి చూడమన్నాను. ఒకవైపు ఊడుతోందట, ఇంకోవైపు గట్టిగా పట్టుకుని వుందట. ఊడినంత మేర కోసి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నాన్ శాగ్ వేయమన్నాను. గంట తర్వాత ఇంకో ఫోటో వచ్చింది. పని బాగానే చేశాడు. ఫోటో కింది మూలలో నిచ్చెన పట్టుకున్న చేతులు కనిపిస్తున్నాయి, గాజులతో. దుల్హన్‌వి.